టార్చి వెనక మూత మర గరగరలాడుతోంది, మధ్యలో పట్టేస్తోంది. శాండ్ పేపరు పెట్టొచ్చా?

కౌండిన్య గట్టు (పలమనేరు)

అందరికీ నమస్కారం. మాది పలమనేరు దగ్గర పల్లె. చేను కౌండిన్య అడవి అంచున. టమాటా వేశాం, గట్టు మీద బెంగుళూర మామిడి చెట్లు. ఏనుగులు దిగే కాలంలో రాత్రి పూట నేనో, మా నాయనో చేని దగ్గర కాపలా ఉండాల్సిందే. త్రీ ఫేజు కరెంటు ఏ అర్ధరాత్రో వస్తే మోటారు దగ్గరికి పోవాలి. టార్చి లేనిదే అడుగు ముందుకు పడదు.

నా దగ్గరున్నది నల్లటి అల్యూమినియం టార్చి. ఒకే ఒక 18650 సెల్లు పడుతుంది. టార్చికి చార్జింగ్ పిన్ను లేదు. సెల్లు తీసి విడిగా చార్జర్‌లో పెట్టుకోవాలి కాబట్టి వెనక మూత విప్పడం, బిగించడం రోజూ ఉండే పనే. కొత్తలో రెండు వేళ్లతో తిప్పితే చాలు, ఎక్కేది. ఇప్పుడు మొదటి చుట్టులోనే గరగరమంటుంది. చుట్టున్నర దాటాక పట్టేస్తుంది. ఇంకాస్త బలం పెడితే ‘కట్’మని జారి ముందుకు పోతుంది. విప్పితే వేళ్లకు నల్లటి మసి. మా నాయన కొబ్బరి నూనె పూశాడు. కొన్నాళ్లు బాగానే ఉండింది గానీ, ఇప్పుడు చలికి అది గడ్డకట్టి ఇంకా మొరాయిస్తోంది.

ఇంతవరకైతే సర్దుకుపోయేవాణ్ణి. మొన్న రాత్రి గట్టవతల కొమ్మలు విరిగిన చప్పుడైంది. టార్చి నొక్కితే వెలిగి ఆరింది. మూత మీద అరచెయ్యి పెట్టి అదిమితే వెలుగుతుంది, చెయ్యి తీస్తే ఆరుతుంది. ఆ చీకట్లో నేను మూతతో కుస్తీ పడుతుంటే మా నాయన టపాకాయ ముట్టించాడు. తీరా చూస్తే అడవి పంది. పంది కాబట్టి సరిపోయింది.

మా చిన్నాయన శాండ్ పేపరుతో రుద్దమంటున్నాడు. ఇంట్లో కొత్తది కొనమంటున్నారు. శాండ్ పేపరు పెట్టొచ్చా? లేత్ షాపులో మర మళ్లీ కోయించుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి.

తిరుచానూరు తమ్ముడు

అన్నా, డబ్ల్యూడీ ఫార్టీ కొట్టి చూడు. మా బండి చైన్ స్ప్రాకెట్ బోల్టు దాంతోనే వదిలింది.

లేత్ మామ (తిరుపతి)

పలమనేరు నాయనా, ముందు ఆ శాండ్ పేపరు తీసి అటక మీద పెట్టు. చిన్నాయన అడిగితే నా పేరు చెప్పు.

తిరుపతిలో లేత్ మీద నిలబడి జుట్టు నెరిసింది. టార్చి మూతలు, మోటారు పంపు యూనియన్లు, గుడి గంటల బోల్టులు అన్నీ వచ్చేవి నా దగ్గరికి. మర గరగరమంటే జనానికి తోచేవి రెండే: నూనె పోయడం, లేదంటే రుద్దడం. కడగాలని మాత్రం ఎవరికీ తోచదు.

నీ టార్చి మీద ఉన్న నలుపు పెయింటు కాదు. దాన్ని యానోడైజింగ్ అంటారు. అల్యూమినియాన్ని ఆమ్లం తొట్టిలో ముంచి కరెంటు పంపితే దాని పై పొరే ఆక్సైడుగా మారుతుంది. ఆ పొర లోపలి లోహం కంటే ఎన్నో రెట్లు గట్టిది, పైగా కరెంటును పోనివ్వదు. మంచి టార్చీల్లో మర మీద కూడా ఈ పొర ఉంచుతారు. నీదాంట్లో ఉందో లేదో ఇట్టే తెలుసుకోవచ్చు. మూత పావు చుట్టు వదులు చేసి స్విచ్చి నొక్కు. వెలగకపోతే మర మీద పూత ఉన్నట్టు. గొట్టం చివరి అంచు మాత్రమే మూత లోపలి లోహానికి తగిలి కరెంటు అందిస్తోందన్న మాట. సంచిలో వేసుకున్నప్పుడు దానంతటది వెలిగి సెల్లు అయిపోకుండా ఈ పావు చుట్టు ఉపాయం పనికొస్తుంది కూడా.

శాండ్ పేపరు పెడితే ఆ గట్టి పొర పోయి కింద మెత్తటి లోహం బయటపడుతుంది. అల్యూమినియం మీద అల్యూమినియం ఒత్తిడితో రాసుకుంటే ఒకదాని లోహం ఇంకోదానికి అంటుకుని పీక్కొస్తుంది. మేం ‘పట్టుకుంది’ అంటాం. ఒకసారి పట్టుకోవడం మొదలైతే ప్రతి తిప్పుకీ ఇంకాస్త పీకుతుంది. చివరికి మూత గొట్టంలోనే ఉండిపోతుంది.

నీ చేతికంటే మసి ఏమిటంటావా? అరిగిన అల్యూమినియం పొడి, ఊడిన ఆక్సైడు, మీ ఎర్రమట్టిలోని ఇసుక రేణువులు, వాటన్నిటినీ కలిపి ముద్ద చేసిన కొబ్బరి నూనె. ఆక్సైడు పొడి సంగతి తెలుసా, శాండ్ పేపరు మీద అంటించే రకాల్లో అదీ ఒకటి. అంటే మీ చిన్నాయన చెప్పిన పని మీ టార్చి లోపల ఎప్పట్నుంచో జరుగుతూనే ఉంది. కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. తిరుపతిలో ఉన్నవాళ్లకి ఆ తేడా అంతగా తెలియదు, మీ పలమనేరు చలిలో తెలుస్తుంది. గడ్డకట్టడం ఒక ఎత్తు, దుమ్ము పట్టుకోవడం ఇంకో ఎత్తు.

తిరుచానూరు తమ్ముడూ, నువ్వు చెప్పింది తుప్పు పట్టిన బోల్టు వదిలించడానికి మంచిదే. కానీ పల్చటిది. రోజూ విప్పి బిగించే మర మీద నిలబడదు.

ఇప్పుడు చేయాల్సింది. సెల్లు తీసి దూరంగా పెట్టు. మూత దగ్గరున్న రబ్బరు రింగును గోటితోనో, చెక్క పుల్లతోనో లేపి తియ్యి. గుండుసూది పెట్టి లాగొద్దు, కోసుకుపోతుంది. గొట్టాన్ని తల నుంచి వేరు చేయగలిగితే గిన్నెలు తోమే సబ్బు, గోరువెచ్చటి నీళ్లు, పాత టూత్ బ్రష్షు. మర గాడి వెంట బ్రష్షు నడిపించు, అడ్డంగా కాదు. మూతలో స్విచ్చి ఉంటుంది కాబట్టి దాన్ని నీళ్లలో ముంచొద్దు. సెల్‌ఫోన్ రిపేరు చేసేవాళ్ల దగ్గర ఐపీఏ అని స్పిరిట్ ఉంటుంది. దాంతో బ్రష్షు తడిపి తుడువు. పెట్రోలు, థిన్నరు వద్దు, స్విచ్చి మీది రబ్బరు, లోపలి ప్లాస్టిక్ పాడవుతాయి. ఆఖర్న ఒక నూలు దారం గాడిలో పెట్టి, గాడి పొడవునా లాగు. బ్రష్షు వదిలిన మసి ఎంతుందో అప్పుడు దారం చెబుతుంది. దారం తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి లాగు.

కడిగాక మర మీద గోరు నడిపించి చూడు. ఎక్కడైనా గోరు తగులుకుంటే ఆ చోటు రాసి పెట్టు. వెలుతురులో పట్టి చూసి ఏ చుట్టు మెరుస్తోందో చెప్పు.

లేత్ మీద మర మళ్లీ కోయించడం సంగతి: వద్దు. ఈ గొట్టాల గోడ పల్చన. ఉన్న మర కోసేసి కొత్తది కోయడానికి అందులో లోహం మిగలదు. డబ్బులిస్తానన్నా నేను చెయ్యను. ఇంకెవరైనా వచ్చి టెఫ్లాన్ టేపు చుట్టమని చెబుతారు. పుత్తూరు కట్టు కట్టినట్టు చుట్టుకుంటూ పోతే మూత ఎక్కనే ఎక్కదు. టేపు తునక ఊడి అంచు మీద పడితే ఆ కాస్త వెలుగు కూడా పోతుంది.

కుప్పం రైతుబిడ్డ

టార్చి సంగతి పెద్దాయన చెప్పారు. నాది ఇంకో మాట. ఏనుగైతే దాని కళ్లలోకి లైటు కొట్టొద్దు, నేల మీదికి కొట్టి నీ దారి నువ్వు చూసుకో. చిన్నదే అయినా రెండో టార్చి ఒకటి నడుముకు ఉండాలి. ఒక్క టార్చిని నమ్ముకుని అడవి అంచున నిలబడకూడదు.

కౌండిన్య గట్టు (పలమనేరు)

లేత్ మామా, చెప్పినట్టే చేశాను. గొట్టం కడిగితే నీళ్లు నల్లగా వచ్చాయి. దారం లాగేకొద్దీ మసే. ఆఖరికి తెల్లగా వచ్చింది. పావు చుట్టు పరీక్షలో వెలగలేదు, అంటే మర మీద పూత ఉంది.

గోరు ఒకచోట తగులుకుంటోంది. గొట్టం అంచున బియ్యపు గింజలో సగం ఉండే నొక్కు ఉంది, మోటారు గది అరుగు మీద పడ్డప్పటిది అనుకుంటా. ఇంకోటి, మొదటి చుట్టు మొన అంతా నల్ల పూత పోయి తెల్లగా మెరుస్తోంది. రెండో చుట్టు కొద్దిగా. మూడో చుట్టు నుంచి నల్లగా కొత్తదానిలా ఉంది. సెల్లు వేసి బిగిస్తే గరగర తగ్గింది గానీ, పట్టేయడం మాత్రం పోలేదు.

సెల్లు సుబ్బడు (చిత్తూరు)

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను చిత్తూరులో బ్యాటరీ ప్యాకులు కడతాను. మీరు ప్రతిసారీ సెల్లు వేసే బిగించి చూస్తున్నారు. సెల్లు లేకుండా ఉత్త మూత తిప్పి చూశారా?

మొదటి చుట్టే అరిగి, లోపలివి కొత్తగా ఉన్నాయంటే మూత ఎక్కే క్షణంలోనే ఏదో దాన్ని వెనక్కి తోస్తోంది. నా అనుమానం స్ప్రింగు మీద, దాని వెనక సెల్లు మీద. 18650 అంటే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవు. కానీ ప్రొటెక్షన్ సర్క్యూట్ అనే చిన్న బోర్డు అతికించిన సెల్లులు అంతకంటే పొడుగ్గా ఉంటాయి, కొన్ని 69 దాకా వస్తాయి. స్కేలు పెట్టి కొలవండి. సెల్లు ఎప్పుడైనా మార్చారా?

ఇంకోటి, సెల్లు మీద ప్లాస్టిక్ తొడుగు ఎక్కడైనా చిరిగిందేమో చూడండి. పై ముఖం మధ్యలోని ప్లస్ తప్పిస్తే ఆ తొడుగు కింద డబ్బా మొత్తం మైనస్సే. ప్లస్ పక్కన తొడుగు చిరిగి లోహం తగిలిందంటే షార్టే. మూత ఊడగొట్టే తొందరలో స్క్రూ డ్రైవరు పెట్టి కెలికేవాళ్లని చూశాను, అందుకని చెబుతున్నా.

కౌండిన్య గట్టు (పలమనేరు)

సుబ్బన్నా, నువ్వు చెప్పింది నిజం! సెల్లు తీసి ఉత్త మూత తిప్పితే ఆ నొక్కు దగ్గర చిన్నగా తగిలి, తర్వాత హాయిగా పోతోంది. స్కేలు పెడితే సెల్లు 69. టార్చితో వచ్చిన పాత సెల్లు ఇంట్లో డబ్బాలో ఉంది, అది 65 మాత్రమే. పాతది పోయాక మా నాయన కొత్తది తెచ్చాడు. గరగర కూడా ఇంచుమించు అప్పట్నుంచే. కొత్త సెల్లు వేస్తే మూత మర అందుకునే లోపే స్ప్రింగు గట్టిగా వెనక్కి తోస్తోంది. తొడుగు బాగానే ఉంది. దాని మీద కెపాసిటీ 9,900 అని రాసుంది, బాగా పనిచేస్తుందని కదా కొన్నాం.

ఇప్పుడు పొట్టి సెల్లు కొనేయనా?

సెల్లు సుబ్బడు (చిత్తూరు)

9,900 అంటే నవ్వొచ్చింది, మీ నాయనను చూసి కాదు, ముద్రించినవాణ్ణి చూసి. ఈ సైజు సెల్లులో మంచి కంపెనీది 3,500 అటూ ఇటూ. అంతకు రెండింతలు, మూడింతలు రాసి ఉంటే అది అంకె, కెపాసిటీ కాదు.

పొట్టిదానికి తొందరపడకండి. పొడుగు సెల్లులో ఆ అదనపు నాలుగు మిల్లీమీటర్లూ ఊరికే లేవు. చార్జి మరీ కిందికి పడిపోతే అక్కడున్న చిన్న బోర్డు కరెంటు ఆపేస్తుంది. పొట్టి సెల్లుకు ఆ బోర్డు ఉండదు కాబట్టి ఆ పని టార్చే చెయ్యాలి. మీ టార్చికి ఆ ఏర్పాటు ఉందో లేదో డబ్బా మీద చూడండి. లేకపోతే ఆరిపోయేదాకా వాడి, రెండున్నర వోల్టుల కిందికి దిగజార్చి, మళ్లీ చార్జింగ్ పెడతారు. లిథియం సెల్లుతో అది ప్రమాదం.

పొడుగు సెల్లుతోనే బిగించే పద్ధతి మార్చుకోండి. చేతిలో అడ్డంగా పట్టుకుని తిప్పితే స్ప్రింగు మూతను ఒక పక్కకు తోస్తుంది, మర వాలుగా ఎక్కుతుంది. మీ మొదటి చుట్టును తినేసింది అదే. టార్చి తల కిందికి పెట్టి, బల్ల మీద గుడ్డ పరిచి నిలబెట్టండి. మూత పైనుంచి అరచేత్తో నిలువుగా అదమండి. అలా అదిమి పట్టి, ముందు వెనక్కి, అంటే విప్పే వైపు, నెమ్మదిగా తిప్పండి. ఒకచోట ‘టిక్’మని మూత చిన్నగా కిందికి దిగుతుంది. మర మొన గాడిలో పడ్డ చప్పుడు అది. అక్కడ ఆగి ముందుకు తిప్పితే ఎక్కుతుంది. ఎక్కడైనా పట్టిందంటే బలం పెట్టకుండా వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టండి.

వెలిగి ఆరడం సంగతి కూడా ఇక్కడే ఉంది. మూత చివరిదాకా దిగక గొట్టం అంచు సరిగా తగలడం లేదు. ఆ అంచు మీద, మూత లోపల అది ఆనే చోట పిల్లలు వాడే పెన్సిల్ రబ్బరుతో రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. గ్రీజు మర మీదే ఉండాలి, అంచు మీద ఉండకూడదు.

లేత్ మామ (తిరుపతి)

శభాష్ సుబ్బడూ. నేను మర చూశాను, నువ్వు మర మీద కూర్చున్న బరువు చూశావు.

ఇదే రోగంతో ఒక ఈ-సిగరెట్టు నా బల్ల మీదికి వచ్చింది ఒకప్పుడు. బెంగళూరులో చదివే కుర్రాడు, ఇత్తడి గొట్టం, అడుగు మూతలోనే నొక్కే స్విచ్చి. లోపల సర్క్యూట్ అనేదే లేదు, గొట్టమే వైరు. అలాంటి దాంట్లో మర మురికి పడితే కరెంటుకు అక్కడ అడ్డు పెరిగి మూతే వేడెక్కుతుంది. స్విచ్చి నొక్కుడులో ఇరుక్కుపోతే చేతిలో సెల్లు కాలుతుంది, ఆపే బోర్డు ఉండదు. పైగా 2019 చట్టంతో మన దేశంలో వాటి తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధం. నాయనా, ఇది తీసుకుని బయల్దేరు అని పంపించేశాను. మీ నాన్న నంబరు ఇవ్వమంటే ఇవ్వలేదు వాడు.

సరే, ఆ నొక్కు సంగతి చూద్దాం. అంచు లోపలికి వంగిందా, పైకి లేచిందా అన్నది ముఖ్యం. గోరు తగులుకుంటోందంటే కొంత లోహం పైకి లేచింది. కంసాలులు వాడే సన్నటి ముక్కోణం ఆకురాయి ఒకటి సంపాదించు. నొక్కు ఉన్న చోట మాత్రమే, మర గాడి ఏ వాలులో ఉందో ఆ వాలులోనే, ముందుకు మాత్రమే తోయి. ముందుకూ వెనక్కూ గీకొద్దు. ఒకటి రెండు తోపులు వేసి మూత తిప్పి చూడు, చాలకపోతే మళ్లీ. గోరు జారిపోయిందంటే ఆపెయ్యి. అందంగా చేద్దామని కూర్చుంటే మర పోతుంది. ఆకురాయి పొడి మర మీద మిగలకుండా మళ్లీ బ్రష్షు, దారం.

దాని తర్వాత కూడా మొదటి చుట్టు కాస్త గరుకుగా అనిపిస్తే సెల్లు, రబ్బరు రింగు లేకుండా మర మీద తెల్లటి టూత్‌పేస్ట్ రవంత రాసి, మూత ఆ ఒక్క చుట్టులో ముందుకీ వెనక్కీ ఆడించు. మెకానిక్కులు వాల్వు రుద్దే పేస్టు ఇస్తామంటారు, తీసుకోవద్దు. ఆ గింజలు కార్బోరండం, మెత్తటి అల్యూమినియంలో గుచ్చుకుని అక్కడే ఉండిపోతాయి. టూత్‌పేస్ట్ అయితే కడిగితే పోతుంది. పూర్తిగా కడిగి ఆరబెట్టాక సిలికాన్ గ్రీజు పెసరగింజంత తీసి మర చుట్టూ పల్చగా రాయి. ప్లంబింగ్ సామాన్ల షాపులో అడుగు, కుళాయిలకు వాడేది.

మొదటి చుట్టు మీద పోయిన నలుపు మళ్లీ రాదు. రానవసరం లేదు. లోపల కొత్తగా ఉన్న చుట్లే మూతను పట్టి ఉంచుతాయి.

తిరుచానూరు తమ్ముడు

మూత పూర్తిగా బిగుసుకుపోతే ఏం చెయ్యాలి మామా? మా ఇంట్లో ఒకటుంది, కటింగ్ ప్లేయరు పెట్టినా కదలట్లేదు.

లేత్ మామ (తిరుపతి)

ప్లేయరు పెడితే పళ్ల గాట్లు పడతాయి, గొట్టం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది, ఆ తర్వాత నేనూ ఏం చెయ్యలేను. పాత సైకిల్ ట్యూబు ముక్కలు రెండు కోసి ఒకటి గొట్టానికి, ఒకటి మూతకు చుట్టి రెండు చేతులతో తిప్పు. మర సందులో ఆ డబ్ల్యూడీ రెండు చుక్కలు పడనిచ్చి ఓ పూట ఆగు, ఇక్కడ అది పనికొస్తుంది. లోపల సెల్లు ఉంది కాబట్టి మంట గానీ, హాట్ గన్ను గానీ చూపించొద్దు.

కౌండిన్య గట్టు (పలమనేరు)

మామా, సుబ్బన్నా, పని అయింది. ఆకురాయి మా ఊరి కంసాలి దగ్గరే దొరికింది, ఆయనే దగ్గరుండి నొక్కు తీశాడు, నన్ను ముట్టనివ్వలేదు. టూత్‌పేస్ట్ దాకా పోలేదు. టార్చి నిలబెట్టి వెనక్కి తిప్పితే ఆ ‘టిక్’ స్పష్టంగా తెలుస్తోంది. పొడుగు సెల్లుతోనే చివరిదాకా దిగుతోంది, కుదిపినా ఆరడం లేదు. కుప్పం అన్న చెప్పినట్టు చిన్నది రెండోది కూడా కొన్నాం, అది మా నాయన నడుముకు.

రబ్బరు రింగు తీసేటప్పుడు చూస్తే సాగిపోయి ఒకచోట పగిలి ఉంది. మంచు పడే రాత్రుల్లో లోపలికి తేమ పోతుందేమోనని. ఏ సైజు అడగాలి? గొట్టం బయటి కొలత చెప్తే ఇస్తారా?

లేత్ మామ (తిరుపతి)

గొట్టం బయటి కొలత కాదు. రింగు కూర్చునే గాడి అడుగు ఎంత అడ్డంగా ఉందో వెర్నియర్‌తో కొలిపించు. రింగు లోపలి కొలత దానికంటే కాస్త తక్కువ ఉండాలి, అప్పుడే బిగువుగా కూర్చుంటుంది. మందం పాతదాని పగలని చోట కొలువు. బేరింగులు, ఆయిల్ సీల్సు అమ్మే షాపులో నైట్రైల్ ఓ-రింగు అని అడుగు, సిలికాన్ రింగు తీసుకోవద్దు. సిలికాన్ రింగుకు సిలికాన్ గ్రీజు రాస్తే ఉబ్బిపోయి మూత మళ్లీ పట్టేస్తుంది. చవకైన సరుకే, రెండు మూడు ఎక్కువ తెచ్చి పెట్టుకో. ఎక్కించే ముందు రింగుకు కూడా గ్రీజు రవంత పులుము, పొడిగా ఎక్కిస్తే మర మొన దాన్ని కోస్తుంది.